విశాఖ నుంచి గ్లెన్ కాన్యన్: ఎడారి లోయకి బయలుదేరే పెద్దవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

విశాఖ వాళ్లకి వేడి కొత్త కాదు. కాకపోతే మనకు తెలిసిన వేడి చెమటతో కబురు పెట్టే వేడి. మే నెలలో జగదాంబ జంక్షన్లో పది నిమిషాలు నిలబడితే చొక్కా వీపుకి అంటుకుపోతుంది, ఇక నీడకి పద అని ఒళ్లే చెబుతుంది. ఎడారిలో ఆ కబురు రాదు. గాలిలో తేమ లేక చెమట పుట్టినచోటే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, గాలి హాయిగానే తగులుతుంది, లోపల మనిషి మాత్రం ఎండిపోతుంటాడు.

నేను స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. "నాకు వేడేటిరా కొత్త" అని మావాడి మాట కొట్టిపారేసి, జూన్ నెల పదకొండు గంటల ఎండలో అర లీటరు సీసాతో, నది గుర్రపు లాడంలా తిరిగే హార్స్‌షూ బెండ్ అనే చోటికి నడిచాను. వెళ్లేటప్పుడు బాగానే వెళ్లాను. వచ్చేటప్పుడు తలపోటు, ఊరికే చిరాకు, కాళ్లు నావి కానట్టు. దారి పక్కన నీడ కోసం వేసిన పందిరి కింద కూలబడితే కోడలు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించింది. అప్పటికీ ఒంటి మీద చుక్క చెమట లేదు. అందుకే ఇందులో చూడాల్సిన చోట్ల కంటే నెల, టైము, నీళ్ల గురించే ఎక్కువ రాశాను. చోట్లు ఎలాగూ కనబడతాయి.

ఎక్కడికి వెళ్తున్నామో ముందు తెలుసుకోండి

గ్లెన్ కాన్యన్ నేషనల్ రిక్రియేషన్ ఏరియా అమెరికాలో ఆరిజోనా, యూటా రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది. 1972లో ఏర్పడింది. విస్తీర్ణం దాదాపు పన్నెండున్నర లక్షల ఎకరాలు. కొలరాడో నది మీద 710 అడుగుల ఎత్తున డ్యామ్ కట్టి 1963లో నీళ్లు ఆపడం మొదలుపెడితే, ఎర్రరాతి లోయలు మునిగి లేక్ పావెల్ అనే సరస్సు అయింది. అది పూర్తిగా నిండడానికి 1980 దాకా పట్టింది. 1869లో ఈ నది మీద పడవల్లో సాగిపోయిన జాన్ వెస్లీ పావెల్ పేరు దానికి పెట్టారు. ఆయనకి ఒక చెయ్యి లేదు.

మీరు బస చేసేది పేజ్ అనే చిన్న ఊళ్లో. ప్లాంటు కోసం మన ఉక్కునగరం పుట్టినట్టే, డ్యామ్ పనివాళ్ల కోసం 1957లో పుట్టిన ఊరది. నాకు అక్కడ అడుగుపెట్టగానే చుట్టాల ఊరికి వచ్చినట్టు అనిపించింది.

గ్రాండ్ కాన్యనూ ఇదీ ఒకటే అనుకునేవాళ్లు మా వాకింగ్ బ్యాచ్‌లో చాలామంది ఉన్నారు. నది ఒకటే, చోట్లు వేరు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు నుంచి పేజ్‌కి కారులో రెండున్నర గంటల పైనే.

నెల ఎంచుకోవడం: అన్నిటికంటే ముందు చేయాల్సిన పని

పిల్లలకి సెలవులు ఎప్పుడో చూసి టికెట్లు కొనేస్తాం. ఆ క్రమం తిరగెయ్యండి. ఏప్రిల్, మే మొదటి సగం, సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ అంతా మంచి కాలం. జూన్, జూలైల్లో పగలు 38 డిగ్రీలు దాటడం మామూలు. చలికాలంలో రాత్రుళ్లు నీళ్లు గడ్డకడతాయి, పగలు ఎండ బాగుంటుంది, జనం ఉండరు. చలికి ఓర్చుకోగలిగితే అదీ తీసిపారేసే కాలం కాదు. ఏప్రిల్‌లో ఇసుక గాలి కొడుతుంది, కళ్లద్దాలు ఉంటే మేలు.

జూలై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా అక్కడా వానాకాలమే. వాన అనగానే నవ్వకండి. పేజ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది 200 మిల్లీమీటర్ల లోపే, మనకి వెయ్యికి అటూ ఇటూ. కానీ ఆ కాస్త వానా బండరాతి మీద పడుతుంది. ఇంకడానికి మట్టి ఉండదు. ఒక్క ఉదుటున సందుల్లోకి దూకుతుంది. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగడం ఉత్తరాంధ్రలో ఎవరికి తెలియదు? అదే అక్కడ ఇరుకు రాతిగోడల మధ్య జరుగుతుంది. 1997 ఆగస్టు 12న పేజ్ పక్కనే ఉన్న యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతిసందులో, లోయర్ అనే దిగువ భాగంలో, అలాగే వరద వచ్చి 11 మంది చనిపోయారు. వాన కురిసింది అక్కడ కాదు, ఎగువన మైళ్ల దూరంలో. కాబట్టి ఆ నెలల్లో మీరు కొన్న టూరు వాతావరణం బాగోలేదని రద్దయితే గొడవ పెట్టుకోకండి. నెత్తి మీద ఆకాశం నీలంగా ఉన్నా సరే.

మూడు చేతులు, మూడు టికెట్లు

మేం తికమకపడ్డది ఇక్కడే. పక్కపక్కనే ఉన్న చోట్లు ముగ్గురి చేతుల్లో ఉన్నాయి. సరస్సు, దాని ఒడ్డు, డ్యామ్ చుట్టుపక్కల ప్రాంతం కేంద్ర ప్రభుత్వపు నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటుంది. ప్రవేశ రుసుము కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. హార్స్‌షూ బెండ్ అంచు కూడా పార్కుదే, కానీ కారు పెట్టే స్థలం పేజ్ ఊరిది. అక్కడ కారుకి 10 డాలర్లు వేరేగా కట్టాలి, పార్కు పాస్ చూపిస్తే కుదరదు. కైలాసగిరి టికెట్ పట్టుకుని జూ గేటు దగ్గర వాదించినట్టుంటుంది. ఇక యాంటిలోప్ కాన్యన్ నవాహో అనే ఆదివాసీ జాతి వారి సొంత భూమి. అక్కడికి గైడుతో తప్ప అడుగు పెట్టనివ్వరు. మనిషికి ఇంత అని టూరు టికెట్ ఉంటుంది, నెలల ముందే అయిపోతుంటుంది. ముందు అది బుక్ చేసి, దాని చుట్టూ మిగతా ప్రయాణం అల్లుకోండి.

అదే ప్రయాణంలో గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ కాన్యన్ కూడా కలుపుకుంటుంటే ఇంకో లెక్క ఉంది. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని పర్యాటకుల దగ్గర 11 పెద్ద పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనంగా తీసుకుంటున్నారు. పైన చెప్పిన మూడూ ఆ జాబితాలో ఉన్నాయి, గ్లెన్ కాన్యన్ లేదు. విదేశీయుల వార్షిక పాస్ 250 డాలర్లు. రెండు మూడు పెద్ద పార్కులు తిరిగేవాళ్లు పాస్ ధరతో పోల్చి చూసుకోవాలి. అబ్బాయో అమ్మాయో అక్కడ స్థిరపడినంత మాత్రాన చుట్టపుచూపుగా వెళ్లిన మనం అక్కడి నివాసులం అయిపోం.

గడియారం సంగతి

ఆరిజోనా మన టైముకి పన్నెండున్నర గంటలు వెనక. విశాఖలో రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ పొద్దున్న ఎనిమిది. ఇంట్లో కూర్చుని ఫోన్లో ఏదైనా కనుక్కోవాలంటే రాత్రి భోజనాలయ్యాక మంచి సమయం. ఇంతవరకూ సులువే.

చిక్కు అక్కడికి వెళ్లాక మొదలవుతుంది. అమెరికాలో వేసవికి గడియారం గంట ముందుకి జరుపుతారు. ఆరిజోనా జరపదు. అదే ఆరిజోనాలో ఉన్న నవాహో భూభాగం జరుపుతుంది. పక్కనున్న యూటా జరుపుతుంది. ఊరి శివార్లలో ఫోన్ ఏ టవర్ని పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. మా ఇద్దరి ఫోన్లూ ఒకే కారులో గంట తేడాతో ఉన్నాయి. మా ఆవిడ తనదే రైటు అంది, నేను నాదే అన్నాను, చివరికి ఆవిడదే రైటు.

మందు ఒక్కటే: ఫోన్లో ఆటోమేటిక్ టైము ఆపేసి, ఊరి పేరు ఆరిజోనాలోని ఫీనిక్స్ అని పెట్టుకోండి. యాంటిలోప్ కాన్యన్ టూర్లు నవాహో భూమిలో జరిగినా పేజ్ టైమునే పాటిస్తాయి. టికెట్ మీద టైము గురించి రాసిన వాక్యం ఒకసారి మీ కళ్లతో చదవండి. బస యూటాలోని కనాబ్‌లో పెట్టుకుంటే వేసవిలో గంట తేడా ఉంటుందని రాత్రి అలారం పెట్టేటప్పుడే గుర్తుంచుకోవాలి.

విశాఖలో ఉండగానే చేసుకోవాల్సినవి

డాక్టర్ని ఒకసారి కలవండి. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి. ఎడారిలో నీరు ముందే తగ్గుతుంటుంది, అవి దానికి తోడవుతాయి. మాత్ర మానమని నేను చెప్పను, మీరూ సొంతంగా మానకండి. ఇలా పొడి వేడిలో తిరగబోతున్నానని చెప్పి ఆయన్నే అడగండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఇప్పటికే ఉన్న జబ్బులు దాని కిందికి వస్తాయో లేదో చూడండి, ఆ ఒక్క పేజీ చదివితే చాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మన వీధి మెడికల్ షాపులోనే ఓ పదిహేను కొనుక్కోండి. కొబ్బరినూనె చిన్న సీసా కూడా. అక్కడి పొడిగాలికి పెదాలు పగులుతాయి, కొందరికి ముక్కులోంచి రక్తం వస్తుంది.

బట్టల విషయంలో మన పాత పద్ధతే సరైంది. లేత రంగు నూలు, పొడుగు చేతులు, వెడల్పు అంచున్న టోపీ. పొట్టి నిక్కరు వేసుకుని ఫొటోల్లో బాగానే ఉన్నాను గాని మోకాళ్ల కింద చర్మం వారం రోజులు మండింది. చెప్పులు వద్దు, పట్టున్న షూలు కావాలి, అవీ ఇక్కడే నెలరోజులు తొడిగి అలవాటు చేసుకున్నవి.

నడక సాధనకి మనకంత మంచి చోటు ఇంకెవరికీ లేదు: భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు. పొద్దున్నే వెళ్లి ఆ సందుల్లో గంటసేపు నడిస్తే ఇసుకలో కాలు దిగబడడం, పక్కగోడలు మీదికొచ్చినట్టుండడం, దారి ఎటు తిరిగిందో తెలియకపోవడం అన్నీ అలవాటవుతాయి. రెండుచోట్లా ఎరుపుకి కారణం ఇనుము తుప్పే. గ్లెన్ కాన్యన్‌లో ఎక్కువగా కనబడే నవాహో ఇసుకరాయి, పద్దెనిమిది పంతొమ్మిది కోట్ల ఏళ్ల కిందటి ఎడారి దిబ్బలు గట్టిపడి తయారైంది. మన దిబ్బల వయసు వేల ఏళ్లలోనే. వేలితో గీస్తే రాలిపోతాయి. అది రాయైపోయిన ఇసుక, ఇది రాయి కావడానికి ఇంకా చాలా టైమున్న ఇసుక. ఇది తెలిసి వెళ్తే అక్కడ గోడల మీది ఏటవాలు చారలు గాలి పేర్చిన ఇసుక పొరలని ఇట్టే పోల్చుకుంటారు. మెట్లకి కైలాసగిరి మెట్లదారి ఎలాగూ ఉంది. అది ఆగి ఆగి అయినా ఎక్కగలిగితే లోయర్ యాంటిలోప్‌లోని ఇనుప నిచ్చెనలకి భయపడక్కర్లేదు. మోకాళ్లు సహకరించకపోతే అప్పర్ యాంటిలోప్ తీసుకోండి, లోపల నేల చదునుగా ఉంటుంది, కాకపోతే తిరిగొచ్చే దారిలో మెట్లున్నాయేమో టికెట్ కొనేటప్పుడే కనుక్కోండి.

దారి

లాస్ వేగస్ నుంచి గానీ ఫీనిక్స్ నుంచి గానీ పేజ్ సుమారు 280 మైళ్లు, కారులో నాలుగున్నర గంటలు. విశాఖ నుంచి విజయవాడ దాటి ఇంకో వంద కిలోమీటర్లు వెళ్లినట్టు. తేడా ఏమిటంటే మధ్యలో టీ కొట్టు ఉండదు, చెట్టు ఉండదు, చాలాచోట్ల సిగ్నల్ కూడా ఉండదు. ట్యాంకు సగానికి రాగానే ఏ బంకు కనబడితే అక్కడ నింపించండి. మ్యాపు ముందే ఫోన్లోకి దించుకోండి. అద్దె కారు అయితే మట్టిరోడ్లు ఎక్కవద్దు, ఆ ఒప్పందాల్లో సాధారణంగా దానికి అనుమతి ఉండదు. లోన్ రాక్ బీచ్‌లో సరస్సు ఒడ్డు దాకా కారు తీసుకెళ్లొచ్చు. కానీ ఇసుకలో చక్రాలు కూరుకుపోయిన కార్లు కళ్లారా చూశాం. గట్టి నేల మీద ఆపి నడవడమే నయం.

నీళ్లూ, తిండీ

మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. ఇది పెద్దలెక్క అనుకుని తగ్గించకండి. మేం ఐదుగురం, అంటే ఒక్కరోజుకే ఇరవై లీటర్లు. పేజ్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్నాయి, దిగిన రోజు సాయంత్రమే కొని డిక్కీలో పెట్టేసుకోండి. దాహం వేశాక కాదు, గంటకోసారి గడియారం చూసి తాగండి. ఉత్తి నీళ్లే గడగడా తాగుతూ పోయినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. అందుకే మధ్యమధ్యలో ఓఆర్‌ఎస్, ఉప్పు వేరుశనగలు, ఐసు పెట్టెలో పల్చటి ఉప్పు మజ్జిగ. మజ్జిగ ఆలోచన మా ఆవిడది. ఆ పెట్టె చుట్టూ పిల్లలు చేరినంతగా డ్యామ్ చుట్టూ చేరలేదు.

తిండికి పులిహోరని మించింది లేదు. పెరుగన్నం ఐసు లేకుండా కారులో వదిలితే మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

తలపోటు, వికారం, కారణం లేని చిరాకు వస్తే అక్కడితో ఆపి నీడకి చేర్చండి, తడిగుడ్డ మెడకి చుట్టండి. మాట తడబడినా, తికమకగా మాట్లాడినా ఇంటి వైద్యం చెయ్యకుండా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యండి. మన పెద్దవాళ్లతో గొడవేమిటంటే, "నాకేం కాలేదు" అంటూనే పడిపోతాం.

మూడు రోజుల లెక్క

మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి, డ్యామ్ దగ్గర కార్ల్ హేడెన్ విజిటర్ సెంటర్‌కి వెళ్లండి. లోపల చల్లగా ఉంటుంది, అద్దాల్లోంచి డ్యామ్ నిలువునా కనబడుతుంది. పక్కనే నది మీద సుమారు 700 అడుగుల ఎత్తున ఉక్కు వంతెన ఉంది, నడిచి దాటొచ్చు. రివెట్లు చూస్తూ నేను అరగంట ఉండిపోయాను, కోడలు హారన్ కొట్టాల్సి వచ్చింది.

రెండో రోజు తెల్లవారకముందే లేవండి. హార్స్‌షూ బెండ్ పార్కింగ్ సూర్యోదయానికి తెరుస్తారు. వెళ్లిరావడానికి ఒకటిన్నర మైలు, దారి గట్టిగా చదును చేసి ఉంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. నది గుర్రపు లాడం ఆకారంలో తిరిగిన చోటు వెయ్యి అడుగుల కింద ఉంటుంది. రెయిలింగ్ కొంతమేరే ఉంది. మిగతా అంచుకి అడ్డేమీ లేదు, పిల్లల చెయ్యి వదలకండి. ఫొటోలు తీసేవాళ్లు తొమ్మిది దాటాక వెళ్లమంటారు, పొద్దున్నే లోయలో నీడ పడి ఉంటుందని. నాకు ఫొటో కంటే ఆ నీడే ముద్దు. ఇంకో మాట: రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే గోదావరిలోకి రూపాయి విసిరే చేతులు మనవి. ఇక్కడ విసరొద్దు. కింద పడవల్లో మనుషులుంటారు.

యాంటిలోప్ టూరు అదే రోజు పది, పదకొండు గంటలకి పెట్టుకోవచ్చు. లోపల నీడే కాబట్టి ఎండ భయం తక్కువ. మార్చి చివరి నుంచి అక్టోబర్ మొదటి దాకా మిట్టమధ్యాహ్నం వేళ అప్పర్‌లో పైసందులోంచి వెలుగు కర్రలా నేల మీదికి దిగుతుంది. ఆ టైముకి టికెట్లు ఎక్కువ ధర, త్వరగా అయిపోతాయి. బ్యాగులు లోపలికి రానివ్వరు, మాత్రలు జేబులో పెట్టుకోండి. గైడు మాట్లాడేటప్పుడు వినండి. వాళ్ల భాషలో అప్పర్ కాన్యన్ పేరుకి 'రాళ్లలోంచి నీళ్లు పారే చోటు' అని అర్థం. పేరులోనే హెచ్చరిక పెట్టారు. నవాహో వాళ్ల ఫొటో తియ్యాలంటే అడిగి తియ్యండి. మద్యం వాళ్ల భూభాగంలో నిషిద్ధం, కారు డిక్కీలో కూడా పెట్టుకు తిరగొద్దు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా హోటల్ గదిలో పడుకోండి. ఈ ఒక్క నియమం మీద మా ఇంట్లో చర్చ జరిగింది, పిల్లలకి టైము వృథా అనిపించింది. నేను కదల్లేదు. సాయంత్రం లోన్ రాక్ బీచ్.

మూడో రోజు సరస్సు. వాహ్వీప్ రేవు నుంచి పడవలు వెళ్తాయి. 2000 తర్వాత వచ్చిన కరువులకి నీటిమట్టం బాగా పడిపోయింది. రాతిగోడల మీద పాత నీటిమట్టం దాకా తెల్లటి చార కనబడుతుంది, వేసవిలో మేఘాద్రిగెడ్డ గట్టు మీద మిగిలే గీతలాగే, కాకపోతే ఇది ఎన్నో నిలువుల ఎత్తు. మట్టాన్ని బట్టి కొన్ని రేవులు మూసేస్తారు, కొన్ని పడవ టూర్లు ఉండవు. రెయిన్‌బో బ్రిడ్జి అనే 290 అడుగుల రాతి వంతెనకి పడవలో వెళ్లాలనుకుంటే ఆ వారం టూరు నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. నీళ్లలో దిగేవాళ్లు ఆర్‌కే బీచ్‌లా అలలు లేవని ధైర్యపడొద్దు. రెండడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది, కాపలా ఈతగాళ్లు ఉండరు. పదమూడేళ్లు నిండని పిల్లలకి పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి.

రాళ్లు ఏరడం, గోడ మీద పేరు చెక్కడం, డ్రోన్ ఎగరేయడం, మూడూ నేరాలే. మా మనవరాలు జేబులో వేసుకున్న ఎర్ర గులకరాయి నేనే తీసి తిరిగి అక్కడే పెట్టించాను. హోటల్ దాకా నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు పొద్దున్నే బయలుదేరి, ఊళ్లోనే ట్యాంకు నింపించాం. మావాడు డిక్కీ తెరిచి నీళ్ల సీసాలు లెక్కపెట్టాడు. మొదటి రోజు ఇన్నెందుకురా అన్నది నేనే. రెండే మిగిలాయి. బంకు పక్క దుకాణంలో ఇంకో డజను కొని బండి ఎక్కాం.